మిట్టమధ్యాహ్నం పెరిగిన లెక్క

మా అక్క ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను. పరిశోధన సంస్థలో పని అంటే, సైంటిస్టా అంటారు. కాదు. టీచరా అంటారు. అదీ కాదు. మరి? కంటికి కనపడని కణాలున్నాయని జనానికి నచ్చచెప్పే పని. ఈ ముక్క అనగానే అవతలివాళ్లు నావైపు జాలిగా చూస్తారు. వాళ్లనేం అంటాం, ఆమెతో ఒకే కప్పు కింద బతుకుతున్న నాకే చాలా ఏళ్లు తలకెక్కలేదు.

ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లం. అమ్మ బతుకంతా కుట్టుమిషను ముందే గడిచింది. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు, ఎవరేది తెచ్చినా కాదనకుండా కుట్టి మమ్మల్నిద్దర్నీ పెంచింది. నేను పెళ్లి చేసుకుని వెళ్లి, ఏడాది తిరక్కుండా పెట్టె సర్దుకుని వచ్చేశాను. అదో పెద్ద కథ, ఇక్కడ అనవసరం. ఇప్పుడు ప్రింటింగ్ షాపులో పోస్టర్లు, బ్యానర్లు తయారుచేస్తుంటాను. అక్క అసలు పెళ్లి ఊసే ఎత్తనివ్వలేదు. ఎత్తినవాళ్లను కూర్చోబెట్టి విశ్వం ఎలా పుట్టిందో మొదలుపెట్టేది. రెండోసారి ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

సంస్థలో ఆమె గది మెట్ల కింద ఉంది. సగం గదిలో కాళ్లు విరిగిన కుర్చీలు, మిగతా సగంలో అక్క. పైన అంతస్తుల్లో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు పెద్ద పెద్ద యంత్రాలతో కుస్తీ పడుతుంటారు. వాళ్లు చేసేదేమిటో స్కూలు పిల్లలకీ మామూలు జనానికీ అర్థమయ్యేలా కార్యక్రమాలు తయారుచెయ్యాలి, అదీ ఈమె పని. బడి పిల్లలు ఆమెకి ‘కణాల మేడం’ అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే మొహం వెలిగిపోయేది. జీతం రోజున కూడా అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ప్రతి కార్యక్రమానికీ ముందు మా ఇంట్లో రిహార్సలు ఉండేది. జనం అంటే నేనూ అమ్మా. అమ్మ కుట్టు డబ్బాలోంచి అక్క ఒక బొత్తాం తీసి నేలమీద పెట్టి, ఇది పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకం అనుకోండి, దీని చుట్టూ ఉండే ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంటుందో చెప్పండి చూద్దాం అనేది. గుమ్మం దగ్గర అనేదాన్ని నేను. కాదు, బస్టాపు అవతల అనేది. మరి మధ్యలో ఏముంటుంది అంటే ఏమీ ఉండదట, అంతా ఖాళీ. లోపల ఇంత ఖాళీ పెట్టుకుని మనిషి ఇంత బరువెందుకుంటాడే అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్న అక్కకి ఎంత నచ్చిందంటే, తర్వాత ప్రతి స్కూల్లోనూ అదే ప్రశ్నతో మొదలుపెట్టేది. అమ్మ పేరు మాత్రం చెప్పేది కాదు, నేను వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేది.

ఆమెకో మొండి పద్ధతి ఉంది. ఒక అట్ట కింద ఏదో ఆకారం దాచి, పిల్లల చేతికి గోళీలిచ్చి, అట్ట కిందకి దొర్లించమనేది. గోళీ ఎటు కొట్టుకుని ఎటు తిరిగొస్తుందో చూసి, లోపలున్నది గుండ్రమో మూడు మూలలదో కనుక్కోవాలి. పిల్లలు ఊగిపోతూ ఆడేవాళ్లు. గంట కొట్టేవేళకి అట్ట ఎత్తి చూపించమని మీద పడేవాళ్లు. ససేమిరా ఎత్తేది కాదు. ఏం పోయిందే చూపిస్తే, వాళ్ల ఉసురు పోసుకుంటున్నావు అని నేను తిట్టేదాన్ని. పైనున్న సైంటిస్టులకి మాత్రం ఎవరు ఎత్తి చూపిస్తారు, వాళ్లూ ఇలాగే గోళీలు విసిరి కనుక్కోవాలి కదా అనేది. అంత మొండిది.

ఇంత చేసినా వచ్చేదేమిటంటే ఏమీ లేదు. లైబ్రరీ హాల్లో ఒకసారి జనం కోసం ప్రసంగం పెట్టింది. పోస్టర్లు నేనే వేసి, దగ్గరుండి అతికించి వచ్చాను. హాలు నిండా కుర్చీలు, వాటిలో అక్కడక్కడా మనుషులు. ఒకాయన చల్లగా ఉందని వచ్చి నిద్రపోయాడు. ఇంకొకావిడ చివరిదాకా శ్రద్ధగా విని, ఈ కణాలతో మోకాళ్ల నొప్పి తగ్గుతుందా అని అడిగింది. స్కూళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే పరీక్షల్లో రాదు కదమ్మా అని పంపించేసేవాళ్లు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అలాగే గోడకి ఆనుకుని నిలబడిపోయేది కాసేపు. ఏమైందని అడిగితే ఏమీ కాలేదనేది. ఏమీ కాకపోవడమే కదా ఆమె బాధ.

పోయిన ఏడు కొత్త డైరెక్టరు వచ్చాడు. వచ్చిన వారానికే ఖర్చుల చీటీ ముందేసుకుని అక్కని పిలిపించాడు. ఇన్నేళ్లుగా పిల్లలకి గోళీలాటలు ఆడిస్తున్నారు, సంస్థకి ఒరిగిందేమిటి అన్నాడట. ఏడాది చివర సంస్థ తలుపులు జనానికి తెరిచే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు పాలకమండలి పెద్దలు వస్తారు. వాళ్లకి చూపించదగ్గ ఫలితం ఒక్కటైనా ఉంటే సరి, లేకపోతే మెట్ల కింద గదికి తాళం. అక్కకి మరో చోట ఏదో గుమాస్తా పని చూస్తారట. గుమాస్తా పనికి వంకేం లేదు. కానీ ఆ గదికి తాళం పడితే మా అక్క ఇంక మనిషి కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. కక్కలేక మింగలేక ఊరుకున్నాం.

అప్పుడు తలపెట్టింది ఈ పెట్టెల పథకం. మన నెత్తిమీద ఎక్కడో పై గాలిలో పుట్టి, ఇంటికప్పుల్లోంచి, మన ఒంట్లోంచి కూడా దూసుకుపోయే కణాలుంటాయట. మ్యూయాన్లంటారు. వాటిని పట్టడానికి ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది. కణం దాంట్లోంచి వెళ్తే కంటికి ఆనని చిన్న మెరుపు మెరుస్తుంది. పలక చివరున్న సెన్సరు ఆ మెరుపు చూసి, తెరమీద అంకె ఒకటి పెంచుతుంది. అలాంటి పలకలు పెట్టెల్లో పెట్టి స్కూళ్లకిచ్చి, పిల్లల చేతే లెక్క రాయించాలన్నది అక్క ఆలోచన. ఒక్కటే చిక్కు. ఆ పలకకి బయటి వెలుతురు సోకకూడదు. ఒక్క చుక్క లోపలికి పోయినా, అది కూడా కణమే అనుకుని సెన్సరు లెక్కపెట్టేస్తుంది. అందుకని రేకు చుట్టి, నల్ల కాగితం చుట్టి, పైన ప్రత్యేకమైన నల్ల టేపు వేస్తారు. ఆ టేపు కొనడానికి డైరెక్టరు సంతకం పెట్టలేదు.

అక్క మొహం మాడ్చుకుని కూర్చుంటే, దానికేముందే, ఒక సంచీ కుట్టి తొడిగితే సరిపోదా అంది అమ్మ. ఎండని లోపలికి రానివ్వని మందపాటి నల్ల కర్టెన్ గుడ్డ తెప్పించి, రెండు పొరలు వేసి, ప్రతి పలకకీ కొలత తీసుకుని కుట్టింది. కళ్లు సరిగ్గా కనపడటం మానేసి చాలా రోజులైనా, ఆ కుట్టు చూస్తే గీత గీసినట్టుంది. మళ్లీ ఊడిపోకుండా కుట్టు మీద కుట్టు వేసింది. అక్క ఆ సంచీలను సంస్థకి తీసుకెళ్లి, గదిలో ట్యూబులైటు వేసీ ఆపీ పరీక్ష చేసింది. రెండుసార్లూ అంకె ఒకేలా ఉంది. అమ్మ ఆ సాయంత్రం నాలుగుసార్లు చెప్పించుకుని విన్నది.

పెట్టెలు స్కూళ్లకి వెళ్లాయి. చాలాచోట్ల బీరువా ఎక్కి కూర్చున్నాయి. ఒక్క ఆడపిల్లల స్కూల్లో మాత్రం పని మొదలైంది, అదీ ఒక పిల్ల వల్ల. ఆ పిల్లని టీచర్లందరూ గడుగ్గాయి అనేవాళ్లు. నోరు మూతపడదు, ఒకచోట కాలు నిలవదు. అక్క అట్ట ఎత్తనన్నందుకు వారం రోజులు కోపగించుకుని, ఆఖరికి తనే తిరిగి గోళీలు దొర్లించి ఆకారం గీసుకొచ్చిన పిల్ల. కణాలు పైనుంచి వస్తాయంటే పెట్టె కూడా పైనే ఉండాలి కదా అని వాదించి, స్నేహితురాళ్లతో మోయించి, పెట్టెని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టించింది. మూత బరువని కిందే వదిలేశారు. ప్రతి పీరియడుకీ ఒకరు పైకి పరుగెత్తి అంకె రాసుకొచ్చేవాళ్లు. ఆ ఉత్సాహం చూసి అక్క వద్దనలేకపోయింది. కణం కప్పు కింద ఉన్నా వస్తుంది, కప్పు మీద ఉన్నా వస్తుంది, పిల్లల ముచ్చట ఎందుకు కాదనాలి అనుకుంది.

నెల తిరిగేసరికి గడుగ్గాయి గ్రాఫు కాగితం పట్టుకుని అక్క గదిలోకి ఊడిపడింది. పొద్దున మామూలుగా ఉన్న లెక్క మిట్టమధ్యాహ్నానికి రెట్టింపవుతోంది, సాయంత్రానికి మళ్లీ దిగుతోంది. మేడం, ఇవి సూర్యుడి నుంచి వస్తున్నాయి, మేమే కనిపెట్టాం అని ఒకటే గెంతులట. అక్క ఇంకొన్నాళ్లు చూడమంది. తొందరపడి ఎవరికీ చెప్పొద్దంది. కానీ అప్పటికే స్కూలు టీచరు చెప్పడం, డైరెక్టరు చెవిన పడటం, ఆయన పత్రికవాళ్లను వెంటబెట్టుకుని డాబా ఎక్కడం అన్నీ అయిపోయాయి. గడుగ్గాయి పెట్టె మీద చెయ్యేసి నిలబడ్డ ఫొటో పేపర్లో పడింది. ఇన్నేళ్లూ అక్కని చూసి పక్కకి తప్పుకున్నవాళ్లు ఆపి మరీ అభినందించారు. డైరెక్టరు ఆకాశానికెత్తేశాడు. నేను షాపులో నిలువెత్తు పోస్టరు వేసి, రంగులు బాగా వచ్చాయో లేదోనని రెండుసార్లు చూసుకున్నాను. ఇంటిల్లిపాదీ గాల్లో తేలుతున్నాం. అక్క ఒక్కతే కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఏమైందే నీకు, మంచి జరిగినా ఏడుపు మొహమేనా అని కసిరాను. అప్పుడు చెప్పింది. మబ్బు పట్టిన రోజుల్లో లెక్క పెరగడం లేదని పిల్లలే రాశారట. సూర్యుడికి మబ్బు అడ్డొచ్చింది కాబట్టి తగ్గింది, చూశారా మేడం, ఇంకో రుజువు దొరికింది అని సంబరపడ్డారట. ఇంటికప్పుల్ని దాటుకొచ్చే కణం మబ్బుకి ఆగదు. మబ్బుకి ఆగేది వెలుతురు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క స్కూలుకెళ్లి, ఆ పలకకి తొడిగిన సంచీ విప్పి తెచ్చింది. మా వంటింటి కిటికీలోంచి ఎండ సూటిగా పడుతోంది. సంచీ మూతిని మొహానికి ఆనించి, కుట్టు వైపు ఎండకేసి తిప్పి చూసింది. తర్వాత నా చేతికిచ్చింది. నేనూ చూశాను. గుడ్డలో ఎక్కడా వెలుతురు లేదు. కుట్టు పొడవునా మాత్రం సూది దిగిన ప్రతిచోటా ఒక మెరిసే చుక్క, వరసగా, అందంగా. కుట్టు మీద కుట్టు వేసింది కదా, రెండు వరసలు. ట్యూబులైటుకి లొంగని ఆ కన్నాలు డాబా మీది ఎండకి లొంగిపోయాయి.

అమ్మ కూరగాయలు తరుగుతూ మమ్మల్ని చూసింది. ఏమిటో చూపించమంది. అక్క ఏమీ లేదంటూ నీళ్లు నమిలింది. బతుకంతా గుడ్డతో గడిపిన మనిషికి ఎవరైనా చెప్పాలా? లేచొచ్చి సంచీ లాక్కుని, కిటికీకి పెట్టి చూసుకుంది. మసకగా అయినా ఆ చుక్కలు కనపడ్డాయి.

"కుట్టు కప్పేలా లోపల పట్టీ వేసుండాల్సింది" అంది అమ్మ. సంచీ కిందకి దించి, "నా వల్ల నీ గది పోతుందా?" అంది.

అక్క అమ్మని పట్టుకుని కాదంది. అబద్ధం చెబుతోందని ముగ్గురికీ తెలుసు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచే మిగతా సంచీలన్నీ తెప్పించి, కుట్లు విప్పి లోపల పట్టీలు వేయడం మొదలుపెట్టింది. కళ్లు పోతాయే అని మొత్తుకున్నా వినలేదు.

అక్క నేరుగా డైరెక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చిరాకు పడలేదట, అదీ నాకు ఒళ్లుమండే విషయం. ఓపిగ్గా విని, తలుపు వేయించి, సలహా ఇచ్చాడట.

"చూడండమ్మా, పాలకమండలి వచ్చి వెళ్లాక తీరిగ్గా సరిచూసుకోండి. ఇప్పుడు దీనివల్ల ఎవరికి నష్టం?"

పిల్లలకి నష్టం అంది అక్క. పిల్లలకి పేపర్లో ఫొటో పడింది, అంతకన్నా ఏం కావాలి అన్నాడు. పైగా ఈ పోస్టరు లేకపోతే పెద్దలకి చూపించడానికి మీ దగ్గర ఇంకేముంది అని కూడా అడిగాడు. ఇంకేమీ లేదు. అది ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆ తర్వాత నాలుగో రోజు అక్క నా షాపులో పాడైపోయిన పోస్టరు కాగితాలు అడిగి తీసుకుని, వెనకవైపు పాఠం ప్లాన్ రాసుకుంది. ఇన్నేళ్లలో అంత జాగ్రత్తగా ఏ కార్యక్రమం తయారుచేయడం నేను చూడలేదు. తప్పు ఎక్కడుందో తను చెప్పకూడదు. లెక్క పెరగడానికి ఏమేం కారణాలుండొచ్చో పిల్లలే చెప్పాలి. ఒక్కో కారణాన్ని ఎలా పరీక్షించాలో వాళ్లే ఆలోచించాలి. వెలుతురన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి. రాకపోతే? వచ్చేదాకా కూర్చుంటాను అంది. విప్పి తెచ్చిన సంచీని ఏ మార్పూ చేయకుండా అలాగే తిరిగి తొడిగింది. మా ఇంట్లోని పాత రగ్గులన్నీ మూటకట్టి నా నెత్తిన పెట్టింది. షాపుకి సెలవు పెట్టి, ఆ మూట మోసుకుంటూ నేనూ డాబా ఎక్కాను.

ఎండ మాడిపోతోంది. పిల్లలు ట్యాంకు నీడలో కూర్చున్నారు. వేడికి యంత్రం పాడైందేమో అంది ఒకతి. అంకెలు తప్పు రాశామేమో అంది మరొకతి. చాలా సేపటికి గడుగ్గాయి, వెలుతురు లోపలికి పోతోందేమో మేడం, మీరు మొదటి రోజే పోకూడదని చెప్పారు కదా అంది. అయితే ఎలా తెలుసుకుంటావని అడిగింది అక్క. ఆ పిల్ల చుట్టూ చూసి, నా కాళ్ల దగ్గరున్న రగ్గుల మూట చూసి, అక్క మొహం చూసింది. లేచి రగ్గులు తనే తెచ్చి పెట్టెమీద కప్పింది. తెరమీద అంకెల పరుగు ఒక్కసారిగా నెమ్మదించింది. రగ్గు తీస్తే మళ్లీ పరుగు. మళ్లీ కప్పింది, మళ్లీ తీసింది. ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. మిగతా పిల్లలు లేచొచ్చి పెట్టె చుట్టూ మూగారు.

"మీకు ముందే తెలుసు కదా మేడం?" అంది ఆఖరికి.

"తెలుసు. నేను చెబితే నా మాట నమ్మి ఊరుకునేవాళ్లు. మీకు మీరే తెలుసుకోవాలనుకున్నాను."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. అయితే ఇది నిజంగా మేమే కనిపెట్టినట్టు కదా అంది. నిజంగా మీరే అంది అక్క. అంతే, మిగతావాళ్ల నోళ్లు లేచాయి. సంచీ విప్పి ఎండకి పట్టి, కుట్టు వెంట మెరిసే చుక్కలు వాళ్లే చూసుకున్నారు. సూర్యుడు కాదే, సూది కన్నమే అని ఒకతి అంటే అందరూ పడీ పడీ నవ్వారు. అక్కడికక్కడే కొత్త పోస్టరు వేయాలని నిర్ణయించుకున్నారు. ‘మా లెక్క ఎలా తప్పింది, మేం ఎలా పట్టుకున్నాం’ అని పేరు కూడా పెట్టారు. మా అక్క ఏం పని చేస్తుందో నాకు ఆ డాబా మీద అర్థమైంది. అంతకుముందు వేసిన వేళాకోళాలన్నిటికీ సిగ్గేసింది. కొత్త పోస్టరు నా చేతులతో వేసి, ఒక్క పైసా తీసుకోకుండా స్కూలుకి పంపించాను. పెద్దలకి నచ్చకపోతే నచ్చకపోనీ, గది పోతే పోనీ, ఇన్నేళ్ల చాకిరీకి ఈ ఒక్క మధ్యాహ్నం చాలు అంది అక్క ఇంటికొస్తూ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

తలుపులు తెరిచే రోజు వచ్చింది. సంస్థ పెద్ద హాల్లో వరసగా బల్లలు, గోడల నిండా పోస్టర్లు, జనం బాగానే వచ్చారు. నేనూ బ్యానర్లు కట్టడానికని పొద్దున్నే వెళ్లాను. పిల్లల బల్ల దగ్గరికెళ్లి చూశాను. గోడమీద ఉన్నది పాత పోస్టరు. సూర్యుడి నుంచి కణాలు, నిలువెత్తున, పక్కన పేపరు ఫొటో. కొత్తది ఎక్కడా లేదు. అక్క టీచరుని అడిగితే ఆవిడ మొహం తిప్పుకుని, అన్నీ సర్దుకోవాలండీ అంటూ వెళ్లిపోయింది. గడుగ్గాయిని పలకరించే లోపలే డైరెక్టరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆ పిల్ల మాట్లాడింది. తడుముకోలేదు, తల దించలేదు. పొద్దున లెక్క ఇంత, మధ్యాహ్నం ఇంత అని వేలు పెట్టి చూపించింది. మబ్బు పట్టిన రోజున ఏమవుతుందమ్మా అని ఒక పెద్దాయన అడిగాడు.

"తగ్గుతుంది సార్. అందుకే సూర్యుడే కారణమని చెబుతున్నాం" అంది.

చప్పట్లు కొట్టారు. అక్క గోడ పక్కన నిలబడి ఉంది. నోరు తెరవబోయింది, నేను చూశాను. ఆ పెద్దాయన సరిగ్గా అప్పుడే ఆమె వైపు తిరిగి, వీళ్లకి నేర్పింది మీరే కదా అని అడిగాడు. గడుగ్గాయి కళ్లార్పకుండా అక్కనే చూస్తోంది. అక్క ఆ పిల్లని చూసింది. అవునండీ అంది. చాలా చక్కగా నేర్పారు అని, ఆయన చెయ్యి కలిపి పక్క బల్లకి వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక కుళాయి దగ్గర దొరికింది ఆ పిల్ల, చేతులు కడుక్కుంటూ. నాలుగు దులిపేద్దామని నేను ఒంటికాలి మీద లేచాను. అక్క నన్ను ఆపి, ఎందుకమ్మా అలా చెప్పావు అని మాత్రం అడిగింది. ముందురోజు డైరెక్టరు స్కూలుకొచ్చాడట. తప్పు ఒప్పుకునే ఆ కొత్త పోస్టరు పెడితే కణాల మేడం గదికి తాళం పడుతుంది, మేడం ఇంక ఏ స్కూలుకీ రారు, ఆపైన మీ ఇష్టం అని చెప్పి వెళ్లాడట. మిగతా పిల్లలు భయపడితే ఈ పిల్లే నేను చెబుతానని ముందుకొచ్చిందట.

"మీరు మాకోసం అంత తిరుగుతారు కదా మేడం. మీ గది ఉండాలనే చెప్పాను. నాకు చెప్పడం అస్సలు ఇష్టం లేదు" అంది. తర్వాత కొంచెం భయంగా, "బాగానే చెప్పానా?" అని అడిగింది.

తెరిచి ఉన్న కుళాయిని అక్క కట్టేసింది. కొంగుతో ఆ పిల్ల చేతులు తుడిచింది. బాగా చెప్పావమ్మా అంది. పిల్ల మొహం విప్పారింది, పరుగెత్తుకుంటూ స్నేహితురాళ్లలో కలిసిపోయింది.

బస్టాపుకి నడుస్తూ నేను ఊరుకోలేదు. రేపే వెళ్లి ఆ పెద్దలందరి ముందూ నిజం చెప్పమన్నాను. చెబితే ఏమవుతుందో తెలుసా అంది. పేపర్లో ఈసారి ఆ పిల్ల ఫొటో అబద్ధాలకోరని పడుతుంది, నన్ను కాపాడటానికి చెప్పిన పిల్లే అది అంది. అయితే ఉద్యోగం వాడి మొహాన కొట్టి వచ్చెయ్యమన్నాను.

"మానేస్తే అది చెప్పింది దేనికే?" అంది అక్క.

బస్టాపు బల్లమీద కూలబడి అప్పుడేడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఇన్నేళ్లలో నేను చెప్పింది చెప్పినట్టు మనసు పెట్టి విన్న పిల్ల అదొక్కతే, దానికి ఆఖరికి నేను నేర్పింది ఇదీ అంటూ ఏడ్చింది. నా ప్రోగ్రాం బతికినందుకు నాకు చావాలనుంది అంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను, అంతకంటే చేయగలిగిందేమీ లేక.

పథకాన్ని మూడేళ్లు పొడిగించారు. ఆ ఉత్తర్వు డైరెక్టరు స్వయంగా మెట్ల కింద గదికి తెచ్చిచ్చాడట. పెద్దలకి ఆ పిల్ల బాగా నచ్చిందట. వచ్చే నెల నుంచి ఆమెని అన్ని స్కూళ్లకీ తిప్పి మాట్లాడించాలని, పర్యటన ప్లానంతా అక్కే వేయాలని, పిల్ల ఏ స్కూల్లో ఏం చెప్పాలో ముందే రాసివ్వాలని చెప్పాడట. నువ్వేమన్నావని అడిగాను. సరేనన్నానంది. రాస్తావా ఆ అబద్ధం నీ చేత్తో అని మీదికి లేచాను.

"నేను రాయకపోతే ఆయన రాస్తాడు. ఎవరు రాసిచ్చినా ఆ పిల్ల చదువుతుంది, నా కోసం" అంది అక్క, కాగితాలు ముందుకి లాక్కుంటూ.